చెలమ లోతు: మన వంకల చరిత్రలో మనమెక్కడ?

మన తండాల్లో, గూడేల్లో, యానాది, ఎరుకల కాలనీల్లో అరవై దాటిన వాళ్ళనెవరినైనా చెలమ గురించి అడిగి చూడండి. ఎండాకాలంలో వంక ఎండిపోయినట్టే కనబడుతుంది. ఇసుకలో చేత్తో గుంత తీస్తే కాసేపటికి నీళ్ళు ఊరతాయి. మొదట బురదగా ఉంటాయి, రెండు మూడు సార్లు తోడి పారబోస్తే తేటపడతాయి. చెంబుతో ముంచి కడవ నింపుకుంటారు. మా పెద్దల మాటల్లో ఆ గుంతకొక కొలత ఉండేది. వాళ్ళ చిన్నప్పుడు మోచేతి లోతు తీస్తే చాలు. పెళ్ళిళ్ళయ్యే నాటికి నడుము లోతు. ఆ తరువాత నిలువు లోతు తవ్వినా తడి ఇసుకే. ఇప్పుడు చెలమ తీసే పనే లేదు. బోరుంది, ట్యాంకరుంది, డబ్బులుంటే క్యాను ఉంది.

ఆ లోతు ఎందుకు పెరిగింది, దాన్ని తగ్గించాలని ఈ నేలమీద ఎవరు ఏం చేశారు, అందులో మనవాళ్ళు ఎక్కడున్నారు అన్నదే ఈ వ్యాసంలో మీతో పంచుకోవాలనుకున్నాం. కర్నూలు, కడప అన్నప్పుడల్లా 2022 విభజనకు ముందున్న పాత జిల్లాలనే అనుకోండి. నీళ్ళకు కొత్త సరిహద్దులు తెలియవు.

బడిలో మనకు తుంగభద్ర, కృష్ణ, పెన్న చెబుతారు. వాటికి నీళ్ళు మోసుకొచ్చే చిన్న ఏర్లు పాఠాల్లోకి రావు. హంద్రి మద్దికెర వైపు మెట్టల్లో పుట్టి కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది. కుందూ ఓర్వకల్లు మండలం ఉప్పలపాడు దగ్గర మొదలై, నంద్యాల మీదుగా కడప జిల్లాలోకి దిగి, కమలాపురం ప్రాంతంలో పెన్నను చేరుతుంది. సగిలేరు నల్లమలకూ వెలికొండలకూ మధ్య లోయలో పోరుమామిళ్ళ, బద్వేలు పక్కగా పారుతుంది. గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి తూర్పుకు పోతుంది. భవనాశి అడవిలోంచి వచ్చి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి ఏడు నదుల్లో మగనది ఇదొక్కటేనని జనం నమ్మకం.

ఈ ఏర్లు పుట్టేచోట ఎవరుంటారో గమనించండి. నల్లమలలో చెంచులు. బైర్లూటి, నాగలూటి అనే గూడేల పేర్లలో మాకు ‘ఊట’ వినబడుతుంది, పండితులు ఏమంటారో గానీ. పత్తికొండ వైపు మెట్టల మీద సుగాలీ తండాలు. ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగిన వాళ్ళు, రోడ్లూ రైళ్ళూ వచ్చి ఆ వ్యాపారం పోయాక మెట్టల మీద నిలబడ్డారు. కడప వైపు చెరువులనూ ఏర్లనూ పట్టుకుని చేపలతో బతికిన యానాదులు. నీళ్ళు పుట్టేచోట మనమున్నాం. నీళ్ళు లెక్కల్లోకి ఎక్కే చోట మాత్రం మన పేర్లు దొరకవు.

ఈ సీమలో నీటి లెక్కలకు అందరూ చూపే పాత సాక్ష్యం పోరుమామిళ్ళ చెరువు. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించాడు. అక్కడి భైరవుడి గుడి దగ్గర రాతిపలకల మీద సంస్కృతంలో శాసనం ఉంది. తేదీ శకం 1291, అంటే సామాన్య శకం 1369. రోజుకు 1,000 మంది కూలీలు, రాయి తోలడానికి 100 బండ్లు, రెండేళ్ళ పని అని అందులో రాశారు. అంతకన్నా విలువైనది మరొకటుంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. గట్టి బంకమట్టి నేల కావాలి, తియ్యటి నీళ్ళ నది కావాలి, కట్టను ఆనుకోవడానికి కొండలు కావాలి, పనితనం తెలిసిన మనుషులు కావాలి. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువుండటం కూడా ఒక దోషమట. తుంగభద్ర, కృష్ణా నీళ్ళ తగాదాలు చూస్తున్న మనకు ఆ మాట చదివితే నవ్వూ వస్తుంది, దిగులూ వస్తుంది.

మేము ఆ శాసనాన్ని తక్కువ చేయడం లేదు. నీరు తియ్యగా ఉండాలని, అంటే నాణ్యతను, ఆరున్నర శతాబ్దాల కిందటే షరతుగా పెట్టిన మాట అది. కానీ ఆ పన్నెండింటిలో రాజున్నాడు, శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడున్నాడు, కట్టే పనివాళ్ళున్నారు, కొండ కూడా ఉంది. కొండ మీది మనుషులు లేరు.

తరువాతి కాలంలో చెరువులు కట్టినవారికీ బాగుచేసినవారికీ దశబంధం ఇనాం కింద భూమి ఇచ్చే పద్ధతి నడిచింది. అది సడలాక పూడిక ఎవరు తీయాలో తేలని చెరువులు మిగిలాయి. ఇక 1860లలో ఒక ఆంగ్ల కంపెనీ వచ్చింది. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, దాదాపు 300 కిలోమీటర్ల కర్నూలు-కడప కాలువ తవ్వించింది. పడవలు నడపాలని, నీటి తీరువ వసూలు చేయాలని వాళ్ళ ఆశ. నల్లరేగడి రైతులు అనుకున్నంతగా నీళ్ళు తీసుకోలేదు. వాళ్ళ జొన్నకూ పత్తికీ వానే చాలు, రేగడికి కాలువ నీరు ఎక్కువైతే చేటని వాళ్ళకు తెలుసు. కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కొనేసుకుంది. ఆ కేసీ కాలువే ఇవాళ లక్షల ఎకరాలకు ప్రాణం, నిజమే. అయితే నేల మీద ఉన్నవాళ్ళను అడగకుండా గీసిన గీతకు ఎంత మూల్యం పడుతుందో కూడా దాని చరిత్రలోనే ఉంది.

చెలమ లోతును అసలు పెంచింది కాలువ కాదు, బోరు. 1980ల తరువాత మెట్ట పొలాల్లో బోర్లు వందలూ వేలూ అయ్యాయి. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. ఇక్కడ వంకలో నీళ్ళు వాన నాడే కాదు, వాన వెలిశాక కూడా పారాలంటే, పక్క నేలలో నీటిమట్టం వంక అడుగు కన్నా పైన ఉండాలి. అప్పుడే నేల మెల్లగా వంకలోకి ఊరుతుంది. చెలమలో మనవాళ్ళు చూసింది ఆ ఊటనే. బోర్లు మట్టాన్ని వంక అడుగు కిందికి లాగేశాక తిరుగుబాటు జరుగుతుంది, వంక నీళ్ళే నేలలోకి దిగిపోతాయి. చేపల మడుగులు పోతాయి, ఒడ్డున కానుగ, రెల్లు ఎండుతాయి. పైగా లోతు బోర్ల నీరు రాళ్ళలో ఏళ్ళ తరబడి నానిన నీరు. చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కులేకపోతే ఒకటిన్నర వరకేనని మన దేశ ప్రమాణం. కర్నూలు దగ్గర హంద్రి కష్టం ఇంకోటి. ఊరి మురుగే అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం దాని పారకం.

దీనికి ఈ రెండు జిల్లాల్లోనే ఒక జవాబు దొరికింది. 2003 ప్రాంతంలో ‘ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భజల వ్యవస్థలు’ అనే పథకం మొదలైంది. నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బు పెట్టింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వెనుక నిలిచింది, నంద్యాలలోని బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ మిగతా సంస్థలను కలుపుకుని నడిపింది. కర్నూలు, కడపతో కలిపి 7 కరవు జిల్లాల్లో, 600కు పైగా పల్లెల్లో సాగింది. మేము దాని గురించి ఎక్కువ రాయడానికి కారణముంది. అది కట్ట కట్టలేదు, బోరు వేయలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. కొలవడం నేర్పింది.

ఊరు, మండలం అనే హద్దులు పక్కనపెట్టి వంకను హద్దుగా తీసుకున్నారు. ఒక వంకలోకి నీళ్ళు దిగే పల్లెలన్నీ ఒక యూనిట్. రైతులే, ఆడవాళ్ళతో సహా, రోజూ ఉదయం వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో తీగ దించి నీటిమట్టం రాసుకున్నారు. డ్రమ్ము పెట్టి, గడియారం చూసి బోరు ఎంత పోస్తుందో లెక్కగట్టారు. నీటి నాణ్యతా చూశారు. ఆ అంకెలు ఊళ్ళో గోడబోర్డు మీదికెక్కాయి. వానాకాలం ముగిశాక, రబీకి ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేశారు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. అందులో నేలలోకి ఇంకింది ఎంత, వేయాలనుకుంటున్న పైర్లు తాగేది ఎంత? వరికి 1,200 మిల్లీమీటర్ల దాకా కావాలి, బుడ్డలకు 500 చాలు. లోటు కనబడితే అది బోర్డు మీద అందరి కళ్ళ ముందే ఉండేది. వరి వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్ళి ఎవరికి వారు తేల్చుకున్నారు.

ఫలితాన్ని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక లెక్కగట్టింది. 42 శాతం యూనిట్లలో రబీ తోడకం మూడేళ్ళూ వరుసగా తగ్గింది, 51 శాతంలో ఆగి ఆగి తగ్గింది, 7 శాతంలోనే పెరిగింది. వాల్టా చట్టం వచ్చింది 2002లో. బోర్లకు అనుమతి కావాలని అది చెబుతూనే ఉంది, బోర్లు పడుతూనే ఉన్నాయి. చట్టం చేయలేని పని గోడ మీది సున్నపు బోర్డు కొంతైనా చేసిందని మా అభిప్రాయం.

కొంతైనా అనే మాట కావాలనే వాడాం. పథకం డబ్బు అయిపోయాక చాలాచోట్ల కొలవడం ఆగిపోయిందని తరువాత చూసినవాళ్ళు రాశారు. ఇంకో లోపం మన కంటికే బాగా కనబడుతుంది. ఆ సంఘాలు బోరున్న రైతు చుట్టూ అల్లుకున్నవి. 1997 సాగునీటి సంఘాల చట్టంలోనూ ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళదే. గొర్రెలు తోలేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, అడవిలో తేనె, గడ్డలు తీసేవాళ్ళు ఏటిని రోజూ చూస్తారు, కానీ ఆ లెక్కలోకి రారు. మన చేతిలో ఆయకట్టు భూమి ఎందుకు లేదన్నది వేరే పెద్ద కథ. 1911 చట్టం ఎరుకలవాళ్ళ మీద నేరజాతి ముద్ర వేసింది. దేశంలో ఆ ముద్ర 1952 దాకా చెరగలేదు. పోలీసుకు హాజరు వేయించుకుంటూ బతికినవాళ్ళకు పట్టా ఎవరిస్తారు?

అయితే ఒక చట్టం మనల్ని లెక్కలోకి తెచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టాన్ని మనం పోడు పట్టా కోసమే చదువుతాం. అందులో 5వ సెక్షన్ చదవండి. నీటి పరివాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఉందని అక్కడ స్పష్టంగా రాశారు. నల్లమల గూడేనికి అది భవనాశి మీద, గుండ్లకమ్మ పుట్టుక మీద మాట చెప్పే చోటు. అటవీ శాఖ ఇప్పటికే చెంచు యువకులను పులుల అభయారణ్యంలో కాపలాకు తీసుకుంటోంది. జంతువు అడుగు గుర్తుపట్టే కళ్ళు ఊట తగ్గడాన్ని గుర్తుపట్టలేవా?

ఇదంతా కలలా అనిపించేవాళ్ళకు రాజస్థాన్ అల్వార్ జిల్లాను చూపిస్తాం. అక్కడి అర్వరీ ఏరు ఎండిపోయింది. తరుణ్ భారత్ సంఘ్ తోడుగా పల్లెవాళ్ళు జోహడ్లనే మట్టికట్టలు వేశారు. వాళ్ళలో మనలాగే షెడ్యూల్డ్ తెగకు చెందిన మీణాలు ఉన్నారు. 1990లలో ఏరు మళ్ళీ పారింది. పారగానే చేపల కాంట్రాక్టు వచ్చింది, జనం ఎదురుతిరిగి రద్దు చేయించుకున్నారు. 1999లో 70 దాకా పల్లెలు కలిసి అర్వరీ సంసద్ పెట్టుకున్నాయి. నీళ్ళు మింగే చెరకు వేయకూడదని అక్కడ నియమం. రాయలసీమ నేల వేరు, మన రాళ్ళు వేరు, మట్టికట్ట ఒక్కటే ఇక్కడ సరిపోతుందని మేము అనడం లేదు. వాళ్ళు ముందు ఏటిని తిరిగి తెచ్చుకున్నారు, తరువాత ఏటి మీద మాటను తెచ్చుకున్నారు. ఆ వరస మనకు పనికొస్తుంది.

మా సంఘం తరఫున ఈ ఏడాది ఒక నోటుబుక్కు తెరిచాం. ఒక్కో తండా, గూడెం, కాలనీకి ఒక్కో పేజీ. దగ్గరి వంక పేరు మీ అవ్వో తాతో పిలిచిన పేరుతోనే రాయాలి, మ్యాపులో ఉన్నా లేకపోయినా. చెలమ చివరిసారి ఎప్పుడు తీశారు, ఎంత లోతున నీళ్ళు పడ్డాయి, ఏ చేపలుండేవి, ఏ నెల వరకు పారేది. కింద సగం పేజీ ఖాళీగా వదిలాం. అక్కడ మీరు నెలకోసారి దగ్గరి బావిలోనో వాడని బోరులోనో దారానికి రాయి కట్టి దించి, తడిసిన చోటు దాకా కొలిచి, తేదీ వేయాలి. రెయిన్‌గేజి లేకపోతే నిటారు గోడల డబ్బా, స్కేలు చాలు. మొదటి పేజీ నింపింది పత్తికొండ వైపు తండాలోని ఒక అవ్వ. ఆమె చదువుకోలేదు, చెప్పింది మనవరాలు రాసింది. లోతు అన్న చోట అవ్వ తన చెయ్యి మోచేతి దాకా చూపించిందట. మనవరాలు స్కేలు తెచ్చి ఆ చెయ్యి కొలిచి, 43 సెంటీమీటర్లు అని రాసింది.