నాయన తుపాకి – బట్టమేక పిట్ట



మాది అప్పటి కర్నూలు జిల్లాలోని నందికొట్కూరు ప్రాంతం. 1960 నాటికి నాకు పదేళ్ళు. మా ఇంట్లో లైసెన్సు గల నాటు తుపాకి ఉండేది. ఆదివారం తెల్లవారుజామున నాయన, చిన్నాయన, నేను కొర్రచేల గట్లవెంట కౌజుపిట్టలకు, కుందేళ్ళకు పోయేవాళ్ళం. గొట్టంలో మందు, సీసపు గుళ్ళు కూరి ఇనుపచువ్వతో దట్టించడం చిన్నాయన పని. సంచి మోయడం నాది. కుందేలు దొరికిననాడు జేజి జొన్నరొట్టెలు చేసేది. ఆ రుచి నేటికీ మరువలేను.

ఒకనాడు చిన్నాయన బట్టమేక పిట్టను కొట్టాడు. నేను గంతులేశాను. దగ్గరలోనే నేలమీద ఒకే ఒక్క గుడ్డు కనిపించింది. నాయన ముఖం చిన్నబోయింది. "ఏందిరా ఈ పని? ఒక్క గుడ్డు పెట్టే పిట్టరా ఇది" అన్నాడు. ఆ రాత్రి మేమంతా తిన్నాం. నాయన కూర ముట్టలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నాయన తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి "మంచిదే అయింది" అన్నాడు. ఈ పిట్టను కాపాడేందుకే 1988లో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పడింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా ముగిసింది. కాని పచ్చికబీళ్ళు సేద్యమైపోయాయి, కరెంటు తీగలు వచ్చాయి. నేడు దేశమంతటా ఈ పిట్టలు రెండు వందలకు లోపే.

మొన్న మనవణ్ణి రోళ్ళపాడుకు తీసుకుపోయాను. కృష్ణజింకలు కనిపించాయి, బట్టమేక కనిపించలేదు. "నువ్వు చూశావా తాతా?" అన్నాడు. చూశానన్నాను. తిన్నానని మాత్రం చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.