ఛాతీ నొక్కుడు డాక్టర్ల కథ కాదు, లైన్‌మెన్ల కథ

సేఫ్టీ ట్రైనింగ్‌లో బొమ్మను కింద పండబెట్టి ఛాతీ మీద నొక్కమంటరు గదా, సీపీఆర్ అని. సంతకం పెట్టి, ఫొటో దిగి మర్చిపోతం. కానీ అది ఎవరి చావుల నుంచి పుట్టిందో తెలిస్తే కొంచెం మనసు పెట్టి నేర్చుకుంటం.

పాతకాలంలో దృష్టంతా నీళ్ళల్ల మునిగినోళ్ళ మీదనే. 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్ళను బతికించడానికే ఒక సంఘం పెట్టిండ్రు. నోట్లో ఊపిరి ఊదేవాళ్ళు, అది మంచిదే. దాంతోపాటు వెనక నుంచి గొట్టం పెట్టి పొగాకు పొగ కూడా ఎక్కించేవాళ్ళు! నవ్వొస్తది గానీ, అప్పట్లో అది పెద్ద వైద్యం.

గుండె ఆగితే మాత్రం 1950ల దాకా ఒక్కటే దారి, రొమ్ము కోసి చేత్తో గుండెను పిసకడం. ఆపరేషన్ థియేటర్ బయట పడిపోయినోడికి అది దొరకదు.

అమెరికాలో ఊరూరికీ కరెంటు లైన్లు వేస్తుంటే పనోళ్ళు షాక్ కొట్టి చనిపోతుండ్రు. ఆ సమస్య మీద 1920ల్లోనే కూర్చున్నాయన విలియం కౌవెన్‌హోవెన్. డాక్టర్ కాదు, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. ముప్పై ఏండ్లు దాని మీదనే ఉన్నడు. 1958లో ఆయన దగ్గర పనిచేసే గై నికర్‌బాకర్ కుక్కల మీద ప్రయోగం చేస్తున్నప్పుడు ఒకటి గమనించిండు. షాక్ ఇచ్చే బరువైన ప్లేట్లను ఛాతీకి గట్టిగ అదిమితే, కరెంటు ఇయ్యకముందే రక్తపోటు కొంచెం లేస్తుంది. సర్జన్ జేమ్స్ జూడ్‌తో కలిసి దాన్ని మనుషులకు పట్టుకొచ్చిండ్రు. 1960లో ప్రచురించిండ్రు: 20 మందికి చేస్తే 14 మంది బతికిండ్రు. కోత లేదు, మిషన్ లేదు, రెండు చేతులు చాలు.

1967లో ఫ్లోరిడాలో స్తంభం మీద రాండల్ ఛాంపియన్‌కు షాక్ కొట్టింది, బెల్టుకు తలకిందులుగ వేలాడుతుండు. తోటి లైన్‌మన్ జె.డి. థాంప్సన్ ఎక్కిపోయి అక్కడనే నోట్లో ఊపిరి ఊదిండు, కిందికి దించినంక ఛాతీ నొక్కిండ్రు. ఆ ఫొటోకు మరుసటేడు పులిట్జర్ వచ్చింది. ఛాంపియన్ 2002 దాకా బతికిండు.

ఇగ మన క్యాంపు సంగతి. ఎవడన్నా పడిపోతే మొఖం మీద నీళ్ళు చల్లుతం, చేతిల తాళంచెవి పెడతం, అరికాళ్ళు రుద్దుతం, ఫోర్‌మన్‌కు ఫోన్ కొడతం. గుండె ఆగితే మెదడుకు ఉండే టైమే నాలుగైదు నిమిషాలు, అదంతా దీంట్లనే పోతది. కరెంటు కేసైతే ముందు మెయిన్ ఆపాలె, లేకుంటే ఇద్దరు పోతరు. పిలిస్తే, భుజం తట్టితే పలకడం లేదు, ఊపిరి సరిగ లేదు అంటే ఒకరు అంబులెన్సుకు చెయ్యాలె, ఇంకొకరు నొక్కుడు మొదలుపెట్టాలె. అప్పుడప్పుడు గురక లెక్క ఎగపీల్చేది ఊపిరి కాదు, మోసపోవద్దు. రొమ్ము నడుమ, రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అలిసిపోతే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలె, గ్యాప్ ఇయ్యొద్దు.

అంబులెన్స్ నెంబర్లు: యూఏఈ 998, సౌదీ 997, ఖతర్, బహ్రెయిన్ 999, కువైట్ 112, ఒమన్ 9999. రూము తలుపు మీద రాసి పెట్టుండ్రి.