బేస్‌కు పుట్టి గిటారుకు దక్కిన బేస్‌మన్

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన లియో ఫెండర్, 1951లో ప్రెసిషన్ బేస్ అనే వాద్యాన్ని అమ్మకానికి పెట్టాడు. అంతవరకు బేస్ వాయించడమంటే మనిషి ఎత్తున్న డబుల్ బేస్‌ను ఊరూరా మోసుకు తిరగడమే. కొత్త వాద్యం భుజానికి వేలాడుతుంది. వీణకున్నట్టు మెట్లున్నాయి కాబట్టి స్వరస్థానం తప్పే భయమూ లేదు. అయితే యాంప్లిఫయరు లేనిదే దాని గొంతు పెగలదు. అందుకోసం 1952లో వచ్చినదే బేస్‌మన్: 15 అంగుళాల స్పీకరు ఒకటి, పాతిక వాట్లకు కాస్త అటూ ఇటూ శక్తి.

అది చాలలేదు. రెండు మూడేళ్లలోనే పెద్ద స్పీకరును తీసేసి 10 అంగుళాలవి నాలుగు బిగించారు. 1958 నాటి 5ఎఫ్6-ఎ రూపానికి వచ్చేసరికి శక్తి 40 వాట్లకు చేరింది. పసుపుపచ్చ ట్వీడ్ గుడ్డ అతికించిన చెక్కపెట్టె, పైన తళతళలాడే క్రోమియం పలక, దాని మీద 12 దాకా అంకెలు. వెనకవైపు మాత్రం పెట్టెకు పూర్తి మూత లేదు.

చిక్కంతా అక్కడే. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గిటారులో లావు తీగ అందుకు రెట్టింపు, 82 సార్లు. అంత మంద్రం పలకాలంటే స్పీకరు చాలా గాలిని నెట్టాలి. వెనక తెరిచి ఉన్న పెట్టెలో స్పీకరు ముందు పుట్టిన తరంగాన్ని వెనక పుట్టినది చాలావరకు చెరిపేస్తుంది. పోనీ అని వాల్యూం పెంచితే శబ్దం చెదురుతుంది. ఈ బేస్‌మన్ తన పేరుకు న్యాయం చేయలేకపోయిందనే అనాలి. 1960ల మొదట్లో ఫెండర్ సంస్థే యాంపును విడదీసి, స్పీకర్లను మూసిన పెట్టెలోకి మార్చింది.

గిటారు తగిలించినవారికి ఈ యంత్రమే మరోలా పలికింది. మంద్రం మోయడానికి అమర్చిన వాల్వుల మీద, ట్రాన్స్‌ఫార్మరు మీద గిటారు అంత బరువు వేయదు. వాల్యూం తగ్గించి వాయిస్తే నాదం తేటగా ఉంటుంది. పెంచుతూ పోతే జీర ఎక్కుతుంది, అదీ చేతి బలాన్ని బట్టి: మెల్లగా మీటితే తేట, గట్టిగా కొడితే జీర. ఇంజినీరు లెక్కలో ఆ జీర దోషం. ఎలక్ట్రిక్ బ్లూస్ వాయించేవారికి అదే కావలసింది. చికాగోలో బడ్డీ గై స్ట్రాటోకాస్టర్ గిటారును బేస్‌మన్‌తో జతచేశాడు. హార్మోనికా కళాకారులూ దీని మీద మనసుపడ్డారు.

పశ్చిమ లండన్‌లోని హాన్వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ము మాస్టారు వాద్యాల దుకాణం నడిపేవాడు. అమెరికా నుంచి దిగుమతయ్యే యాంపుల ధరలు కుర్ర వాద్యకారులకు అందేవి కావు. దుకాణంలో మరమ్మతులు చూసే కెన్ బ్రాన్, కుర్రవాడైన డడ్లీ క్రేవెన్ కలిసి 5ఎఫ్6-ఎ సర్క్యూట్‌ను దాదాపు ఉన్నదున్నట్టు దింపి, 1962లో జేటీఎం45 తయారుచేశారు. ఇది నకలే, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ విడిభాగాలు బ్రిటన్‌లో దొరికేవే వాడటంతో నకలు మూలానికి దూరం జరిగింది. మొదటి దశలో 12ఏవై7 వాల్వు బదులు ఈసీసీ83 చేరింది. మొదటిదాని వర్ధన గుణకం సుమారు 44, రెండోదానిది 100. దాంతో జీర తొందరగా మొదలైంది. తెరిచిన పెట్టెలోని జెన్సెన్ స్పీకర్ల స్థానంలో, మూసిన పెట్టెలో 12 అంగుళాల సెలెస్టియన్లు నాలుగు వచ్చాయి.

ఆ సర్క్యూట్‌నే రెండు స్పీకర్లతో ఒకే పెట్టెలో అమర్చినదాని మోడల్ సంఖ్య 1962 (సంవత్సరమనుకుంటే పొరపాటు). జాన్ మేయాల్ బృందం 1966 ఆల్బంలో ఎరిక్ క్లాప్టన్ లెస్ పాల్ గిటారును దీనికే తగిలించాడు. స్టూడియోలోనూ వేదిక మీదంత జోరుగానే వాయిస్తానని పట్టుబట్టాడు. రాక్ గిటారు నాదానికి ఒరవడిగా నిలిచిన ఆ రికార్డు వెనక, రెండు చేతులు మారిన బేస్ యాంపు ఉంది.

తర్వాతి కథ క్లుప్తం. బేస్ కోసమే యాంపులు చేసిన ఆంపెగ్ అధిపతి ఎవరెట్ హల్‌కు ఈ చెదిరిన శబ్దమంటే గిట్టేది కాదు. ఆయన సంస్థను అమ్మేశాక, 1969లో ఆంపెగ్ 300 వాట్ల ఎస్‌వీటీని తెచ్చింది. ఆ ఏడాది అమెరికా పర్యటనలో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టులు దాని నమూనా యాంపులకే గిటార్లు తగిలించారు. భారీ వేదికకు తగిన ధాటి కావాలి. అది బేస్ యాంపులో దొరికింది, అంతే. ఫెండర్ 1990లో పాత ట్వీడ్ బేస్‌మన్‌ను తిరిగి తయారుచేసినప్పుడు పేరు మార్చలేదు. అమ్మింది మాత్రం గిటారిస్టులకు.