మూడో వరుస కథ

అమెరికాలో మన ఇళ్ళల్లో రెండో బిడ్డ పుట్టబోతోందని తెలియగానే రెండు చర్చలు మొదలవుతాయి. ఒకటి పేరు గురించి, రెండోది బండి గురించి. పేరు సంగతి పంచాంగమూ, ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళూ చూసుకుంటారు. బండి సంగతి మనమే తేల్చుకోవాలి. మినీవానా, మూడు వరుసల ఎస్‌యూవీయా? భార్య ఒకటంటే భర్త ఇంకొకటంటాడు. ఈ తగాదా మన ఇంట్లో కొత్తది కావచ్చు గానీ ఈ దేశంలో పాతదే. దాని వెనక చట్టాలున్నాయి, చమురు సంక్షోభం ఉంది, మూతబడబోయి బతికిన ఒక కంపెనీ ఉంది.

ముందు మన లెక్క చూద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అయితే ఐదు సీట్ల కారు చాలు. కానీ మన ఇళ్ళల్లో పురిటికి అమ్మానాన్నలు వస్తారు, ఆరు నెలలుంటారు. వాళ్ళు వెళ్ళాక అత్తగారూ మామగారూ వస్తారు. అంటే ఆరుగురం. వెనక రెండు కార్ సీట్లు బిగించాక మధ్యలో పెద్ద మనిషి పట్టడం కష్టం. మూడో వరుస లేకపోతే ఆదివారం గుడికి రెండు కార్లు తీయాలి, లేదా ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి. ఆ ఉండిపోయేది సాధారణంగా పెద్దవాళ్ళే. "మాకేం తోచకపోదులే, మీరు వెళ్ళి రండి" అంటారు.

మూడో వరుస ఈ దేశంలో 1935 నాటికే ఉంది. ఆ ఏడాది షెవ్రొలే కంపెనీ అర టన్ను ట్రక్కు ఛాసిస్ మీద ఉక్కు బాడీ బిగించి, ఎనిమిది మంది కూర్చునేలా సబర్బన్ అనే బండి తెచ్చింది. అయితే యుద్ధం తరువాత ఊళ్ళు శివార్లకి పాకి, ఇంటినిండా పిల్లలున్న రోజుల్లో కుటుంబాల బండిగా నిలిచింది స్టేషన్ వాగన్. 1950ల చివరి నుంచీ కొన్ని వాగన్లలో మూడో వరుస వెనక్కి తిరిగి ఉండేది. పిల్లలు అందులో కూర్చుని వెనక కార్లలో వాళ్ళకి చేతులూపేవారు. ఆ సీటు పిల్లల కొలతకి చేసిందే. 1965 అక్టోబరు 3న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం తరువాత మన డాక్టర్లూ ఇంజనీర్లూ రావడం మొదలైనప్పుడు రోడ్ల మీద రాజ్యమేలుతున్నవి ఈ వాగన్లే.

1973లో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపాయి. గ్యాస్ స్టేషన్ల ముందు బారులు తీరాయి. 1975లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఒక్కో కంపెనీ అమ్మే కార్లన్నీ కలిపి సగటున గాలన్‌కి ఇన్ని మైళ్ళు ఇవ్వాలి. 1985 మోడళ్ళకి లక్ష్యం 27.5 మైళ్ళు. తేలికపాటి ట్రక్కులకి మాత్రం వేరే లెక్క, తక్కువ లక్ష్యం. పొలాల్లోనూ పనుల్లోనూ వాడేవి కదా అని ఆ వెసులుబాటు. చట్టం కంటికి స్టేషన్ వాగన్ కారు. బరువైన వాగన్లు ఎన్ని అమ్మితే కంపెనీ సగటు అంత పడిపోతుంది. అదే కుటుంబం ట్రక్కు లెక్కలోకి వచ్చే బండి కొంటే ఆ బాధ తక్కువ. తరువాత జరిగిన కథలో చాలా భాగం ఈ తేడాలోంచి పుట్టింది.

క్రైస్లర్ కంపెనీ 1979 నాటికి దివాలా అంచుకి చేరింది. ప్రభుత్వం 150 కోట్ల డాలర్ల అప్పుకి హామీ ఉంటే నిలబడింది. అప్పుడు దాన్ని నడిపిన లీ అయకోకా, బండ్ల రూపకల్పన చూసిన హాల్ స్పెర్లిక్ ఇద్దరూ ఫోర్డ్ నుంచి ఉద్వాసన పొందినవాళ్ళే. చిన్న వాన్ చేద్దామన్న ఆలోచన ఫోర్డ్‌లో ఉండగా సాగలేదు. ఇక్కడ సాగింది. 1983 నవంబరులో కెనడాలోని విండ్సర్ ఫ్యాక్టరీ నుంచి 1984 మోడళ్ళుగా డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్ బయటికి వచ్చాయి. ముందు చక్రాలతో నడిచే బండి కాబట్టి వెనక్కి పొడవాటి షాఫ్టు లేదు. అందువల్ల నేల చదునుగా, భూమికి దగ్గరగా వచ్చింది. పక్కకి జారే తలుపు, కావాలంటే ఏడు సీట్లు, మామూలు గరాజ్‌లో పట్టే ఎత్తు. చీర కట్టుకున్న అత్తగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలిగే బండి. చట్టం లెక్కలో మాత్రం అదీ ట్రక్కే!

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో మార్పు వచ్చింది. అంతకుముందు పసిపిల్లలు తల్లి ఒళ్ళోనే ప్రయాణించేవారు. 1978లో టెనెసీ రాష్ట్రం చంటిపిల్లలకి కార్ సీటు తప్పనిసరి చేసింది. 1985 నాటికి అన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. పిల్లకి ఒక సీటు అంటే మనిషికి ఒక సీటు పోయినట్టే. మూడో వరుస అవసరం పెరిగింది.

1990 వలస చట్టంతో హెచ్-1బి వచ్చింది, కంప్యూటర్ ఉద్యోగాలతో మనవాళ్ళ సంఖ్య పెరిగింది. 1998 మోడల్‌గా టయోటా సియెనా వచ్చింది. 1999 మోడల్ హోండా ఆడిస్సీలో రెండు పక్కలా జారే తలుపులూ, నేలలోకి మడిచి దాచేసే మూడో వరుసా ఉన్నాయి. 2000 సంవత్సరంలో ఈ దేశంలో 13 లక్షలకి పైగా మినీవాన్లు అమ్ముడయ్యాయి. అదే శిఖరం. ఆ తరువాత దిగుడే.

కారణం? మినీవాన్‌కి "పిల్లల తల్లి బండి" అన్న ముద్ర పడిపోయింది. 1990లో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ సాహసయాత్రల కల అమ్మింది. 2002 మోడల్ దాకా దాన్లో మూడో వరుసే లేదు. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1996లో పెద్ద వాగన్లు ఆపేసి, టాహో లాంటి పెద్ద ఎస్‌యూవీలకి మారింది. అయితే 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచాక, ఎత్తైన బండ్లు పల్టీ కొడతాయన్న భయం ఇంటింటికీ చేరింది. ట్రక్కు ఛాసిస్ వదిలి కారు పద్ధతిలో కట్టిన అక్యురా ఎండీఎక్స్ 2001 మోడల్‌గా, ఎనిమిది సీట్ల హోండా పైలట్ 2003 మోడల్‌గా వచ్చాయి. ఇప్పుడు మనం ఎక్కువగా కొంటున్న మూడు వరుసల ఎస్‌యూవీలు ఈ వంశానివే. పల్టీలు తగ్గించే ఎలక్ట్రానిక్ అదుపు 2012 మోడళ్ళ నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి అయింది.

ఇప్పుడు కథ మన ఊళ్ళ దాకా వచ్చింది. 2020లో ప్రపంచ ఉత్తమ కారుగా ఎంపికైన కియా టెల్యురైడ్ జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌లో తయారైంది. అదే కంపెనీకి పెనుకొండ దగ్గర 2019లో మొదలైన ఫ్యాక్టరీలో, 2022 నుంచి మూడు వరుసల కారెన్స్ తయారవుతోంది.

ఈ చరిత్రంతా చూస్తే నాకు కనిపించేది ఒకటే. కంపెనీలు మూడో వరుసని చాలావరకు పిల్లల కోసం చేశాయి, మనం పెద్దవాళ్ళని కూర్చోబెడుతున్నాం. కార్ సీటు బిగించిన రెండో వరుస కుర్చీ చాలా ఎస్‌యూవీల్లో ముందుకి వంగదు. దాన్ని దాటుకుని మోకాళ్ళ నొప్పులున్న అమ్మ వెనక్కి ఎక్కాలి. రెండో వరుసలో విడివిడి కుర్చీలుంటే మధ్యలో దారి ఉంటుంది, ఒక సీటు తగ్గినా ఫరవాలేదు. పిల్లల్లో ఒకరిని వెనక్కి పంపుదామంటే, కార్ సీటు తగిలించే లాచ్ కొక్కేలు మూడో వరుసలో ప్రతి సీటుకీ ఉండవు. మూడో వరుస నిలబెడితే వెనక ఎయిర్‌పోర్ట్ పెట్టెలకి ఎంత చోటు మిగులుతుందో కూడా చూడాలి. ఈ మూడు విషయాల్లో మినీవాన్ ఇప్పటికీ ముందుంది. అది నచ్చకపోతే మానేయండి, కానీ పేరు చూసి మానకండి.

డీలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ కార్ సీట్లు రెండూ వెంట తీసుకెళ్ళి రెండో వరుసలో బిగించండి. తాళాలు భార్యకో భర్తకో ఇచ్చి, మీరు మూడో వరుసలోకి ఎక్కి కూర్చోండి. ఫ్రీవే మీద ఇరవై నిమిషాలు తిరిగి వచ్చాక ధర సంగతి మాట్లాడవచ్చు.