రేడియో పగ్గంతో నమూనా విమానం



బకింగ్‌హాం కాలువ మీకు కొత్తది కాదు. తడ, సూళ్ళూరుపేట వైపు వాళ్ళకు అది ఊరి పక్క నీళ్ళు. ఆ కాలువే మద్రాసు నగరం దాటి ఇంకా దక్షిణానికి పోయి, ఒకచోట రెండు పెద్ద రోడ్ల నడుమ సాగుతుంది. పడమట పాత మహాబలిపురం రోడ్డు, తూర్పున సముద్ర తీరపు రోడ్డు. ఆ రెంటినీ కలిపే అడ్డరోడ్డు మొదలయ్యే చోటు షోళింగనల్లూరు. 2011లో అది చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. మన జిల్లాల పిల్లలు ఎందరో ఇవాళ అక్కడి కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడల్లో ఉద్యోగాలు చేస్తున్నారు.

ఈ షోళింగనల్లూరు నడిబొడ్డున ఒక మేకు పాతి, దానికి పన్నెండు కిలోమీటర్ల దారం కట్టి పటం మీద గుండ్రంగా తిప్పామనుకోండి. ఆ గీత మీదనో, గీతకు కొంచెం లోపలనో మీనంబాకం విమానాశ్రయం వస్తుంది, తాంబరం వైమానిక దళ స్థావరం వస్తుంది, పల్లావరం వస్తుంది. 1949లో క్రోంపేటలో పెట్టిన మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కూడా వస్తుంది. మన దేశపు విమాన చరిత్రలో కొన్ని మంచి పేజీలు ఈ గుండ్రంలోనే రాయబడ్డాయి.

అందులో మొదటిది పల్లావరానిది. మద్రాసు మౌంట్ రోడ్డులో మిఠాయిలు అమ్ముతూ హోటలు నడిపిన జియాకోమో డి ఏంజెలిస్ అనే ఐరోపావాసి ఉండేవాడు. 1909 జూలైలో ఫ్రాన్సుకు చెందిన బ్లేరియో ఇంగ్లీషు చానల్‌ని విమానంలో దాటాడన్న వార్త ప్రపంచమంతా మోగిపోయింది. ఏడాది తిరక్కుండా మన మిఠాయి వ్యాపారి తానే ఒక విమానానికి నమూనా గీసి, సింప్సన్ కంపెనీ బండ్ల కర్మాగారంలో కట్టించి, 1910 మార్చిలో పల్లావరం దగ్గర నేల మీదనుంచి లేపాడు. తర్వాత ఐలండ్ గ్రౌండ్స్‌లో టిక్కెట్టు పెట్టి జనానికి చూపించాడు కూడా. వ్యాపారి కదా!

ఇవాళ నేను చెప్పబోయేది మనిషిని మోసే విమానాల సంగతి కాదు. మనిషి నేల మీదే నిలబడి, రేడియో తరంగాలతో నడిపే నమూనా విమానాల సంగతి. పిల్లల ఆటబొమ్మ అనుకునేరు. అచ్చం అసలు విమానం పోలికతో, రెక్క మీది మేకుల తలలతో సహా కట్టి ఎగరేసేవాటిని స్కేల్ మోడల్స్ అంటారు. అసలు విమానం కంటే ఇవి వయసులో పెద్దవి.

1871లో ప్యారిస్ నగరంలోని ట్యూలరీ తోటలో అల్ఫాన్స్ పెనో అనే యువకుడు మెలిపెట్టిన రబ్బరు దారంతో ఒక చిన్న విమానాన్ని వదిలాడు. అది పదకొండు సెకన్లలో సుమారు నలభై మీటర్లు పోయింది. తోక ఎక్కడ ఉంటే విమానం తనంత తాను సర్దుకుంటుందో అతను ఆ బొమ్మతోనే నిరూపించాడు. అతని రబ్బరు బొమ్మల్లో ఒకటి అమెరికాలో రైట్ అనే ఇంటిపేరుగల ఇద్దరు పిల్లల చేతికి తండ్రి కానుకగా వచ్చింది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఏం చేశారో మీకు తెలుసు.

వాళ్ళకు పోటీదారు లాంగ్లీ అనే పండితుడు. 1896 మే 6న ఆయన ఆవిరి యంత్రం పెట్టిన నమూనాను పోటోమాక్ నది మీద వదిలితే దాదాపు కిలోమీటరు ఎగిరింది. 1903 ఆగస్టులో అసలులో నాలుగో వంతు కొలతతో చేసిన పెట్రోలు నమూనా కూడా ఎగిరింది. ఇంకేం, అదే పోలికతో నాలుగింతలు పెద్దది కట్టి మనిషిని ఎక్కించారు. అక్టోబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, రెండుసార్లూ అది నదిలో మునిగింది. రెండోసారి మునిగిన తొమ్మిది రోజులకే రైట్ సోదరులు ఎగిరారు.

చిన్నది ఎగిరితే పెద్దది ఎందుకు ఎగరలేదు? నమూనా విమాన విద్యకు గుండెకాయ లాంటి ప్రశ్న ఇది. దానికి తిరుపతి లడ్డూయే జవాబు చెబుతుంది. ఒక లడ్డూకి రెట్టింపు అడ్డుకొలత గల లడ్డూ కట్టాలంటే బూంది రెట్టింపు చాలదు, ఎనిమిది రెట్లు కావాలి. అంటే కొలత రెండింతలైతే బరువు ఎనిమిదింతలు అవుతుంది. రెక్క వైశాల్యం మాత్రం నాలుగింతలే పెరుగుతుంది. పెద్దదాని రెక్క మీద పడే భారం వేరు, చిన్నదాని మీద పడే భారం వేరు.

మనకు దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి ఉత్తరాల మూటతో ఎగిరివచ్చారు. అక్కడినుంచి నెవిల్ వింట్‌సెంట్ అనే పైలట్ ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. బళ్ళారి శ్రోతలు గమనించాలి, ఈ దేశపు విమాన సర్వీసు మొదటి మజిలీల్లో మీ ఊరు ఒకటి. టాటా నడిపిన విమానం పుస్ మాత్. ఒంటి ఇంజను, ఒకే వరస రెక్క. దాని మీది గుర్తు అక్షరాలు వీటీ-ఏడీఎన్.

ఈ పుస్ మాత్‌ని అయిదో వంతు కొలతతో కట్టాలనుకోండి. అసలు దాని రెక్కల చాపు 11 మీటర్ల 20 సెంటీమీటర్లు, మన నమూనాకు 2 మీటర్ల 24 సెంటీమీటర్లు. ఇంతవరకు సులువు. నిండు బరువు అసలుది సుమారు 930 కిలోలు. అయిదో వంతు అని 186 కిలోలు పెడితే అది నేల విడవదు. అయిదును అయిదుతో, మళ్ళీ అయిదుతో హెచ్చిస్తే 125. 930ని 125తో భాగిస్తే ఏడున్నర కిలోలకు కాస్త తక్కువ. రేడియో, మోటారు, పెయింటు, లోపల కూర్చోబెట్టిన పైలట్ బొమ్మ, అన్నీ ఆ ఏడున్నర కిలోల్లోనే ఇమడాలి.

వేగం లెక్క ఇంకా చిత్రం. అసలు పుస్ మాత్ మామూలుగా గంటకు 174 కిలోమీటర్లు పోయేది. చూసేవాడి కంటికి నమూనా అదే తీరుగా కదలాలంటే అయిదుతో భాగించకూడదు, అయిదు వర్గమూలంతో భాగించాలి. సుమారు 78 కిలోమీటర్లు వస్తుంది. బరువు పెరిగిందా, ఆ వేగం చాలదు. ఇంకా జోరుగా పరుగెత్తిస్తేగాని నిలవదు. అప్పుడది ఈగ ఎగిరినట్టుంటుంది గాని పుస్ మాత్ ఎగిరినట్టుండదు. అందుకే ఈ విద్యలో పండినవాళ్ళు ఒక్కొక్క గ్రాము తూచి వాడతారు.

గాలి కూడా చిన్నదానికీ పెద్దదానికీ ఒకేలా ఉండదు. రెక్క ఎంత చిన్నదైతే గాలి జిగట దానికి అంత ఎక్కువ తగులుతుంది. అసలు రెక్క కోతను అక్షరాలా తగ్గించి చేస్తే చిన్న రెక్క త్వరగా పట్టు తప్పుతుంది. కనుక రెక్క మందాన్ని కొంచెం మార్చడం, తోకను ఒక వేలు వెడల్పు పెంచడం, ముక్కులో సీసం పెట్టి గరిమనాభిని ముందుకు జరపడం ఈ విద్యలో ఒప్పుకున్న పనులే. చూసేవాడికి ఆ మార్పు తెలియకూడదు, గాలికి మాత్రం తెలియాలి.

ఇక కట్టడం. దక్షిణ అమెరికా అడవుల్లో, ముఖ్యంగా ఈక్వడార్‌లో పెరిగే బాల్సా చెక్క దీనికి పెట్టింది పేరు. మన కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కర్రను చేత్తో పట్టుకున్నవాళ్ళకు తేలిక చెక్క అంటే ఏమిటో తెలుసు. బాల్సా దానికన్నా తేలిక. పలక మీద ప్లాను పరిచి, రెక్క పక్కటెముకలను ఒక్కొక్కటే కోసి, గుండుసూదులతో గుచ్చి, జిగురుతో అతికి, పైన పల్చని గుడ్డ గాని, వేడికి బిగుసుకునే పొర గాని కప్పుతారు. మేకుల తలలు కావాలంటే సూది సిరంజితో తెల్ల జిగురు చుక్కలు వరసగా పెడతారు. ఆరాక రంగు వేస్తే అచ్చం రివెట్లే. చిక్కల్లా రంగు దగ్గర వస్తుంది. 1932 నాటి ఫోటో నలుపు తెలుపు. అందులో ముదురుగా కనిపించేది ఎరుపో, నీలమో, ఆకుపచ్చో ఫోటో చెప్పదు. పాత రికార్డులు వెదకాలి. అంతర్జాతీయ పోటీల్లో ఈ పోలికకు సాక్ష్యాలు అడిగి మార్కులు వేస్తారు, ఎగిరిన తీరుకు వేరే మార్కులు వేస్తారు. అల్మారాలో అందంగా ఉండి గాలిలో తూలే విమానం అక్కడ గెలవదు.

ఇప్పుడు రేడియో మాటకు వద్దాం. మీరు నా గొంతు వింటున్నది ఏ తరంగాల మీదనో, ఆ జాతి తరంగాలే విమానానికి పగ్గాలు. కలకత్తా టౌన్‌హాలులో 1890ల నడిమి రోజుల్లో జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండా దూరాన గంట మోగించి, తుపాకి మందు పేల్చి చూపారు. 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా ఒక చిన్న పడవను నీటి తొట్టిలో తీగ లేకుండా నడిపితే జనం నమ్మలేకపోయారు. విమానాల విషయంలో అందరూ చెప్పుకునేది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు గుడ్ సోదరులను, వాల్టర్‌ను, విలియమ్‌ను. 1937 నాటి వాళ్ళ బిగ్ గఫ్ అనే నమూనా తర్వాత స్మిత్సోనియన్ మ్యూజియం చేరింది.

తొలి రోజుల రేడియో పగ్గాలు మహా మొండివి. ఒక్కటే మీట. ఒకసారి నొక్కితే చుక్కాని ఎడమకు, మరోసారి నొక్కితే కుడికి. కిందటిసారి ఎటు తిప్పావో గుర్తుంచుకోకపోతే విమానం చెట్టుమీదికి. తర్వాత రీడ్ల పద్ధతి వచ్చింది. మన హార్మోనియంలో ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క రీడు ఉన్నట్టే, విమానంలోని రిసీవరులో ఉక్కు నాలుకలు ఉండేవి. పంపిన స్వరానికి సరిపడ్డ నాలుక అదిరి, ఒక్కొక్క పనికి కరెంటు అందించేది. 1960లలో గాని చేతిలోని పుల్లను ఎంత వంచితే తోక అంతే వంగే పద్ధతి కుదురుకోలేదు. అప్పటికీ ఒకే తరంగం మీద ఇద్దరు మీట వేస్తే ఒక విమానం కూలేది. అందుకని మైదానంలో ఒక బల్ల మీద బట్టలారేసే క్లిప్పులు పెట్టేవారు. ఏ నంబరు క్లిప్పు మీ జేబులో ఉంటే ఆ తరంగం మీది. ఇరవై ఒకటో శతాబ్దపు మొదటి దశకంలో వచ్చిన కొత్త సెట్లు తమ దారి తామే వెదుక్కుంటాయి. క్లిప్పుల అవసరం దాదాపు తీరింది.

ఇంజన్లలో మనకు సొంతమైన వాసన ఒకటుంది. చిన్న డీజిల్ ఇంజనుకు పోసే నూనెలో ఈథరు, కిరసనాయిలు, ఆముదం ఇంచుమించు సమపాళ్ళు. అంత వేడిలోనూ జారుడు పోగొట్టుకోని నూనె కనుక ఆముదం. ఆ కాలపు మైదానాల్లో కాలిన ఆముదం కంపు చొక్కాకు పట్టేది. ఇప్పుడు బ్యాటరీ మోటార్లు వచ్చి చొక్కాలు బతికాయి.

ఎగరేయడంలో అందరూ తడబడేది ఒక్క చోటే. విమానం మీకు దూరంగా పోతున్నప్పుడు దాని ఎడమ మీ ఎడమే. తిరిగి మీ వైపు వస్తున్నప్పుడు ఎడమ, కుడి తారుమారు. అప్పుడు చిట్కా ఏమిటంటే, ఏ రెక్క కిందికి వాలిందో పుల్లను ఆ పక్కకే నెట్టండి, రెక్కకు కింద కర్ర పోటు పెట్టినట్టు. షోళింగనల్లూరు వంటి తీరపు ఊళ్ళలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. కనుక ఉదయం వేళే దీనికి మేలు.

కాని ఉదయం దొరికినా బయలు దొరకాలి కదా. డి ఏంజెలిస్‌కు పల్లావరం దగ్గర దొరికిన ఖాళీ నేల ఇవాళ ఆ గుండ్రంలో ఎక్కడుంది? మిగిలిన పెద్ద బయలు పళ్ళికరణై చిత్తడి. అది పక్షులది. 2022లో రామ్‌సార్ జాబితాకెక్కింది. అక్కడ మరబొమ్మలకు పని లేదు. ఆపైన రెండు పెద్ద విమానక్షేత్రాల ఆంక్షలు. 2014 అక్టోబరులో పౌర విమానయాన డైరెక్టరేట్, నియమాలు వచ్చేదాకా పైలట్ లేని విమానాలను ఎగరేయవద్దని ప్రకటన ఇచ్చింది. ఏళ్ళ తరబడి ఈ విద్యలో ఉన్నవాళ్ళు కూడా అనుమానంలో పడ్డారు. 2021 ఆగస్టు నియమాలతో దారి కొంత తెరుచుకుంది. చదువు, పరిశోధన, వినోదం కోసం, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు నమూనాకు రకం ధృవపత్రం అక్కరలేదు. కాని పటంలో ఎరుపు రంగు వేసిన చోట కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా కదిలించరాదు. మన శ్రీహరికోట చుట్టుపక్కల వాళ్ళు, రేణిగుంట విమానాశ్రయం దగ్గరివాళ్ళు ఇది మరచిపోకూడదు.

అదే గుండ్రంలోని క్రోంపేట కళాశాల విద్యార్థుల దక్ష బృందం 2018లో ఆస్ట్రేలియాలో జరిగిన పైలట్ లేని విమానాల పోటీలో రెండో స్థానం తెచ్చుకుంది. వాళ్ళకు సలహాదారుగా ఉన్నది సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్. రేడియో విమానాలు ఆయనకు పాత సరదా. ఇవాళ బజారులో కొన్న నాలుగు రెక్కల డ్రోను తనంత తానే గాలిలో నిలబడుతుంది. దాన్ని ఎగరేసిన పిల్లవాడికి మీట నొక్కడం వస్తుందేగాని, అది ఎందుకు నిలిచిందో తెలియదని నా అభిప్రాయం.

నగరంలో లేని బయలు మీ ఊళ్ళలో ఉంది. ఎండిన చెరువు ఉంది, కోత అయిన పొలం ఉంది. ఇంట్లో పిల్లలు అడిగితే రేడియో సెట్టుతో మొదలుపెట్టకండి. పల్చని థర్మోకోల్ రేకుతో మూరెడు రెక్క కోసి, తోక అతికి, చేత్తో మెల్లగా విసరమనండి. ముక్కు పైకెత్తి ఆగిపోయి వెనక్కి పడితే ముక్కున చిటికెడు బంకమట్టి పెట్టాలి. తిన్నగా నేలకు గుచ్చుకుంటే కొంచెం తీసేయాలి. పది అడుగులు బల్లపరుపుగా జారి దిగిందాకా అలా విసరాలి. మోటారు ఆ తర్వాత, రేడియో దాని తర్వాత.