ముయ్యికి లేచిన మిద్దెలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ అబ్బీ, మా కాలంలో ఆ రెండూ ఊరంతా కలిసి చేసేవి. మీరిప్పుడు బెంగళూరులో కూర్చుని కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తారు. గోడ కట్టినోడి ముఖమైనా చూసుండరు.

పెనుకొండ పక్క పల్లెల్లో ఇల్లంటే మట్టిమిద్దె, కలిగినోళ్లకైతే బండల మిద్దె. రాయికేం కొదవ?

కోతలైపోయి ఎండలు ముదిరితేనే పని మొదలు. మట్టిగోడకు తొందర పనికిరాదు. మూరెడెత్తు వరస పెట్టి, అది బాగా ఆరినాకే పై వరస. మట్టి తొక్కేది బావమరుదులూ చిన్నాయనలూ, నీళ్లు మోసేది వదినలూ మరదళ్లూ. కూలి అడగడం తప్పు, ఇస్తాననడం ఇంకా పెద్ద తప్పు. ఈరోజు మీ ఇంటికి మేమొస్తే రేపు మా ఇంటికి మీరు రావాల. అదీ ముయ్యి. అణాలు పోయి 1957లో నయాపైసలొచ్చినా ఈ లెక్క మారలేదు. దుడ్లిచ్చేది వడ్రంగికీ, రాయి కొట్టేవాళ్లకీ. మిగతావాళ్లకు రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి. ముద్ద చిన్నదైతే మాత్రం ఆ మాట పక్కూరి దాకా పోయేది!

హిందూపురం మండీకి చింతపండు తోలుకపోయిన బండి ఉత్తది తిరిగిరాకూడదు. ఎవరింటికో ఒక దూలమో, నాలుగు మొలలో వేసుకొచ్చేది. ధర్మవరంలో నేసేవాళ్ల ఇల్లయితే ముందు మగ్గం గుంతకు చోటు చూసి, వెలుతురెటునుంచో చూసి, తర్వాతే వంటిల్లు. పట్టుపోగు కంటికి ఆనాల కదా.

వాకిలి నిలబెట్టే రోజు చూడాల తమాషా. వడ్రంగి గుండు వేలాడదీసి సరిగ్గా ఉందంటాడు. పక్కన నిలబడిన ప్రతి మామకూ ఒక వంకర కనిపిస్తుంది.

నిద్రొస్తోందా? ఇంకా కప్పు వెయ్యలేదు, లే! దూలాల మీద దంతెలు, వాటి మీద పుల్లలూ ఆకూ, ఆపైన తడిమట్టి, అన్నిటికీ మీద చవుడు. చవుడు మన్ను నీళ్లను దిగనీయదు. అయినా ఏటా వానలకు ముందు కొత్తది పరచాల్సిందే. ఆ రోజు ఊరంతా మిద్దెల మీదే. గట్టు తగాదాతో ఏళ్లకేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా, చవుడు నాలుగు గంపలు తక్కువపడితే "అన్నా" అని పిలవక తప్పేది కాదు.

నిన్ను మట్టిమిద్దె కట్టుకోమనడం లేదబ్బీ. కాంక్రీటు మంచిదే, వానకు కారదు. కానీ దుడ్లిచ్చి చేయించుకున్న పని దుడ్లతోనే తీరిపోతుంది. ముయ్యి తీరేది కాదు, అందుకే చుట్టరికం నిలిచేది. మీ వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే ఒక పూట పోయి చెయ్యి వేసిరా. రేపు నీకూ మనుషులు కావాల.