ఇంటిలో కట్టిన విమానము

విమానమనగానే పెద్ద కర్మాగారములును, వందలకొలది ఇంజనీర్లును మన మనస్సునకు వచ్చుట సహజము. కాని తొలి విమానము పుట్టినది కర్మాగారమున కాదు; అమెరికాలోని డేటన్ పట్టణమున రైట్ సోదరులు నడిపిన సైకిళ్ల దుకాణమున. 1903 డిసెంబరు 17వ తేదీన ఆ యంత్రము ఎగిరినప్పుడు దానిపై మూడు కొలత పనిముట్లు ఉండెను: గాలి వేగమును కొలుచు అనిమోమీటరు, ఇంజను చుట్లను లెక్కించు సాధనము, ఒక స్టాప్‌వాచీ. ఎగిరితిమన్న సంతోషముతో వారు తృప్తి పడలేదు. ఎంత దూరము, ఎంత సేపు, ఎంత వేగము అని కొలిచిరి. ఇంటిలో విమానము కట్టువారికి ఈ గుణము ఎంత అవసరమో తరువాతి చరిత్ర చెప్పుచున్నది.

బ్రెజిలు దేశీయుడైన సాంటోస్-డ్యూమాంట్ ఫ్రాన్సులో వెదురు, పట్టుబట్టలతో 'డిమోయ్‌జెల్' అను చిన్న విమానమును నిర్మించి, పేటెంటు కోరక దాని నమూనాలను లోకమునకు ఇచ్చివేసెను. 1910లో 'పాపులర్ మెకానిక్స్' అను అమెరికా పత్రిక వాటిని ప్రచురించెను. సామాన్యుడు కూడ విమానము కట్టుకొనవచ్చునను ఆశ అప్పుడే మొలకెత్తినది.

ఆ ఆశను ఉద్యమముగా మార్చినవాడు ఫ్రాన్సు దేశీయుడు హెన్రీ మిన్యే. 1933లో ఆయన కట్టిన బుల్లి విమానము పేరు 'పూ ద్యు సియెల్', అనగా ఆకాశపు పేను. పెట్టెలు చేయగలవాడు ఈ విమానమును కూడ చేయగలడని ఆయన వాదము. ఒకదాని వెనుక ఒకటిగా రెండు రెక్కలు. ముందు రెక్కను వంచి ముక్కును పైకెత్తుటయో దించుటయో చేయవలెను. 1934లో ఆయన పుస్తకము వెలువడగానే ఫ్రాన్సు, ఇంగ్లండులలో ఎందరో ఇండ్లలో పని ప్రారంభించిరి. 1935లో మిన్యే స్వయముగా ఇంగ్లీషు ఛానెలును దాటెను.

అంతలో మరణవార్తలు రాసాగెను. విమానము ముక్కు నేలవైపు వాలి, తిరిగి లేవక, తిన్నగా కూలుచుండెను. కారణమేమి? ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల పరిశోధకులు అసలు విమానమునే పెద్ద వాయుసొరంగములలో నిలిపి పరీక్షించిరి. రెండు రెక్కల నడుమ సందు మిక్కిలి ఇరుకు. ముక్కు బాగుగా వాలిన స్థితిలో చోదకుడు కర్రను వెనుకకు లాగినచో ముందు రెక్క వెనుక అంచు దిగి, ఆ సందులో గాలి మరింత వేగముగా పోయి, వెనుక రెక్కనే పైకెత్తును. తోక లేచును, ముక్కు ఇంకను వాలును. ప్రాణము కాపాడవలసిన చేష్టయే ప్రాణము తీసెను! దోషము వడ్రంగముది కాదు. కొలవక నమ్మిన రూపకల్పనది. రెక్కల అమరిక మార్చిన పిదప ఈ జాతి విమానములు క్షేమముగా ఎగిరినవి.

1953లో అమెరికాలో పాల్ పోబెరెజ్నీ ఇట్టి నిర్మాతలకొక సంఘమును స్థాపించెను. తరువాత విడిభాగములన్నియు పెట్టెలలో పంపు 'కిట్' పద్ధతి వ్యాపించినది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ రూపకల్పన చేసిన ఆర్.వి. తరగతి విమానములే 10,000కు మించి ఎగిరినవి. అమెరికా నియమము ప్రకారము నిర్మాణములో అధికభాగమును విద్యార్థమో వినోదార్థమో ఔత్సాహికులే చేయవలెను.

ఇట్టి నిర్మాతకు చోదకుని ముందుండు పలకను తన ఇష్టప్రకారము అమర్చుకొను స్వేచ్ఛ కలదు. గుండ్రని గడియారముల వంటి మీటర్లకు బదులు నేడు పలువురు ఎలక్ట్రానిక్ తెరలను పెట్టుకొనుచున్నారు. అయినను లోపలి భౌతికశాస్త్రము మారలేదు. వేగసూచికకు ఆధారము పిటో గొట్టము. ఎదురుగాలి కలిగించు మొత్తము పీడనమునుండి పరిసరవాయు పీడనమును తీసివేసిన మిగులునది వేగవర్గమునకు అనుపాతముగా ఉండును. సముద్రమట్టమున గంటకు 100 కిలోమీటర్ల వేగమునకు ఆ భేదము కేవలము 48 మిల్లీమీటర్ల నీటిమట్టము. 200 కిలోమీటర్లకు దానికి నాలుగు రెట్లు. యు-గొట్టములో నీరు పోసి పాఠశాలలోనే దీనిని చూపవచ్చును.

పరిసర పీడనమును గ్రహించు రంధ్రము విమానదేహమున తగనిచోట ఉన్నదనుకొందము. అచ్చట పీడనము 5 మిల్లీమీటర్లు తగ్గినచో, అసలు వేగము 100 ఉండగా ముల్లు 105 చూపును. నేలకు దిగు వేళ, రెక్కలు పట్టు తప్పు వేగమునకు చేరువలో, ఈ అయిదే ప్రమాదము. తెర ఎంత ఖరీదైనదైనను ఈ దోషమును తానుగా కనిపెట్టలేదు. అందుచే నిర్మాత స్థిరముగా వీచు గాలికి ఎదురుగాను, గాలివాలునను ఒకే సూచిత వేగముతో ఎగిరి, ఉపగ్రహముల సాయమున నేలపై వేగములను కొలిచి, సగటు తీయును. గాలి ప్రభావము రద్దగును. ఎత్తు, ఉష్ణోగ్రతలకు సవరించి సూచికతో పోల్చినచో దోషమెంతో తేలును. అమెరికాలో ఇట్టి విమానములకు సాధారణముగా 25 లేక 40 గంటల పరీక్షా ప్రయాణము విధించుటలోని ఆంతర్యమిదియే.

విద్యార్థులారా! ఇంటిలో విమానము కట్టుటకు ఉలి, సుత్తి, ఓర్పు చాలునని మిన్యే అనుచరులు తలంచిరి. వారి ధైర్యము గొప్పది. కాని గాలి ధైర్యమును చూచి మన్నించదు. తాను చేసిన వస్తువునే శంకించి, కొలిచి చూచిన పిదపనే దానికి ప్రాణము అప్పగించుట శాస్త్రజ్ఞుని మార్గము.